వెనక్కి తిరిగిన ఫ్యాన్

చావింట్లో బోటీ కూర ఉడుకుతుంటే లొట్టలేసుకునే మనుషుల్ని చూస్తే ఎలియాస్‌కి మొదటినుంచీ వెగటు. మొలాపో ఇంకా మట్టిలోకి వెళ్ళనేలేదు. శవాల గదిలో చల్లగా పడుకుని ఉన్నాడు. ఇక్కడ కట్లెహాంగ్ పేటలో ఆయన వాకిట్లో గుడారం వేసి కుర్చీలు పరిచారు. బతికున్నప్పుడు గుమ్మం తొక్కని చుట్టాలంతా పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. సంకటి గట్టిపడిందని ఒకడు, దుంపల కూరలో ఉప్పు లేదని ఇంకొకడు. ఛీ, వీళ్ళ నోళ్ళకి చావు కూడా పెళ్ళిభోజనమే అనుకుంటూ ఎలియాస్ పెరట్లోకి వెళ్ళి బండి మీది పరదా తీశాడు.

తెల్లటి పాతకాలపు పెట్టె బండి. పేటలో అందరూ గుషేషే అని ముద్దుగా పిలుచుకునే రకం. మొలాపో దాన్ని వారం వారం మైదానంలో టైర్లు పొగలు కక్కేలా గింగిరాలు తిప్పేవాడు. అలా తిప్పే మనిషి పోతే, పూడ్చిపెట్టాక శ్మశానం పక్క మైదానంలో అతని బండినే చివరిసారి తిప్పి సాగనంపుతారు. తిప్పినవాళ్ళకే బండి దక్కుతుంది. శనివారం తిప్పబోయేది మొలాపో కూతురు మోసా. తండ్రి దగ్గరే నేర్చుకుంది, ఇప్పుడు తండ్రికంటే బాగా తిప్పుతుందని మైదానానికి వచ్చే కుర్రాళ్ళంతా అంటారు.

కాని బండి సిద్ధంగా లేదు. గింగిరాలు తిరిగే బండికి ఎదురుగాలి తగలదు. అది ఉన్నచోటనే తిరుగుతుంది, ఇంజను మాత్రం గొంతు చించుకుంటుంది. చల్లబరిచేదంతా ఫ్యానే. అందుకే మొలాపో ఇంజనుతోపాటు తిరిగే పాత ఫ్యాన్ ఊడదీసి, తుక్కుబజారులో జత కరెంటు ఫ్యాన్లు వెతికి తెచ్చాడు. బిగించాడు గాని వైర్లు లాగకుండానే గుండె ఆగి పడిపోయాడు. ఆ మిగిలిన పని పేటలో బండ్ల కరెంటు పని చేసే ఎలియాస్‌ మీద పడింది. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు కూడాను.

ఎలియాస్ మోకాళ్ళ మీద కూర్చుని రేడియేటర్ వెనక రెండు ఫ్యాన్లనీ వేలితో తిప్పి చూశాడు. ఎడమదానికి కొంచెం కీచుమనే జబ్బుంది, నూనెచుక్క వేస్తే పోయింది. బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్ర వైరు లాగి, ఒక్కో ఫ్యాన్‌కీ విడిగా ఫ్యూజు, విడిగా కరెంటు కలిపే రిలే పెట్టాలి. రెండూ ఒక్కసారే లేస్తే బ్యాటరీ కుదేలవుతుంది కాబట్టి ఒకటి ముందు, ఒకటి తరవాత. నల్ల వైర్లు రెండూ బండి ఇనుముకే, రంగు గీకి, మెరిసేదాకా గీకి.

"అన్నా, ఎలియాస్ అన్నా! తిన్నావా?"

తెఫో వచ్చాడు. మొలాపో తమ్ముడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో బోటీ, పెదవుల మీద నూనె. ఎలియాస్ పనిచేసుకునే రేకుల షెడ్డు తెఫోదే, వాళ్ళింటి వెనకే.

"తరవాత తింటాలే."

"నువ్వు ఎప్పుడూ ఇంతే. పని, పని." తెఫో బానెట్ అంచుమీద పళ్ళెం పెట్టాడు. ఆ నూనె మరక చూసి ఎలియాస్‌కి ఒళ్ళు మండింది. "ఒక మాట చెప్పనా? ఆడపిల్ల చేత శ్మశానం దగ్గర బండి తిప్పించడం నాకేం బాగాలేదు."

"మీ అన్న నేర్పిందేగా."

"నేర్పాడులే. ముద్దు చేశాడు. ఇప్పుడు ఆయన లేడు, పెద్దవాణ్ణి నేను. నా కొడుకున్నాడు, తుమెలో, మగపిల్లాడు, వాడు తిప్పితే ఇంటిపేరు నిలబడుతుంది. నేను వద్దంటే మాత్రం మైదానంలో కుర్రకారు నన్ను పీక్కుతింటారు. వాళ్ళకి అది దేవత." ఎముక చప్పరించి పక్కకి ఉమ్మాడు. "అదే బండి ఆగిపోయిందనుకో. మధ్యలో కుతకుతా ఉడికి ఆగిందనుకో. అప్పుడు నేను చెప్పేదేముంది? అన్నయ్యే వద్దన్నాడని అందరూ అంటారు."

ఎలియాస్ చేతిలో శ్రావణం ఆగిపోయింది.

"ఏమంటున్నావు తెఫో?"

"నేనేమన్నాను? ఏమీ అనలేదు. నీ పని నీకు తెలుసు." తెఫో వేళ్ళు ఒక్కొక్కటే నాకాడు. "అన్నట్టు, ఆ షెడ్డు నా బావమరిది అడుగుతున్నాడు. కోళ్ళు పెడతాడంట. నేను ఇంకా ఏమీ చెప్పలేదు వాడికి. ఈ వయసులో నువ్వెక్కడికి పోతావు, చెప్పు?"

పళ్ళెం అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. బోటీ మీద ఈగలు ముసురుకున్నాయి. అన్న శవం ఇంకా ఇంటికి రాలేదు, వీడు అప్పుడే ఆ శవం నోట్లో తన మాట పెడుతున్నాడు. థూ.

వెంటనే లేచి ముఖాన ఉమ్మి వచ్చేయవలసింది. లేవలేదు. ఆ షెడ్డు గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన తన సామానంతా కళ్ళముందు కదిలింది. ఇరవై పైచిలుకు ఏళ్ళుగా జనం వెతుక్కుంటూ వచ్చే చోటు అది. అది పోతే సంచీ భుజాన వేసుకుని వీధివీధీ తిరగాలి. మోకాళ్ళు చూస్తే మెట్టెక్కడానికే మొరాయిస్తున్నాయి.

ఫ్యాన్లు ఆడకుండా చేస్తే ఎవరైనా పట్టేస్తారు. ఫ్యూజు సన్నది పెట్టినా పట్టేస్తారు. కాని ఇలాంటి ఫ్యాన్‌కి ఎరుపు నలుపూ తారుమారు చేస్తే అది ఆగదు, వెనక్కి తిరుగుతుంది. చప్పుడు అదే, రెక్కలూ తిరుగుతూనే కనిపిస్తాయి. ఒకటి గాలి లోపలికి లాగుతుంటే రెండోది బైటికి తోస్తుంది. రేడియేటర్‌కి దక్కేది సగం కూడా ఉండదు. మామూలుగా అయితే ఇంజను వేడిచేసి చూసుకుంటారు. కాని మట్టి కార్యం అయ్యేదాకా పోయినవాడి బండి గొంతు వినపడకూడదని మొలాపో అక్క మమెల్లో గట్టిగా చెప్పింది. ఇంట్లో రేడియో కూడా మూగబోయింది. ఇక ఎవరు చూడొచ్చారు?

ఎలియాస్ కుడిచేతి వైపు ఫ్యాన్ వైర్లు తిప్పి కలిపాడు. చివర్లు నొక్కి, వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం తొడిగి, లైటరు మంట చూపించి బిగించాడు. ఎన్నడూ లేనంత నీటుగా చేశాడు. ఆ నీటుతనం చూస్తే తన చేతుల మీద తనకే రోత పుట్టింది. ఇంటికి వెళ్ళేముందు సబ్బు పెట్టి ఒకటికి రెండుసార్లు కడుక్కున్నాడు.

మర్నాడు మోసా వచ్చింది, మరుగుతున్న కెటిల్ పట్టుకుని. నెత్తికి నల్లగుడ్డ, ఒంటికి తండ్రి పాత పనికోటు. వచ్చినవాళ్ళకి టీ పోసి పోసి మణికట్లు ఎర్రగా కమిలిపోయాయి.

"మావయ్యా, ఇంజను స్టార్టు చెయ్యనివ్వదు కదా అత్త, మీటను ఇందులో ముంచి చూద్దామా?"

వేడి తగిలితే ఫ్యాన్లని లేపే మీట అది, ఇత్తడిది, బొటనవేలంత. ఎలియాస్ దాన్ని వైరుతో సహా కెటిల్‌లోకి దించాడు. కాసేపటికి రిలే టక్కుమంది, ఎడమ ఫ్యాన్ లేచింది. ఇంకాసేపటికి రెండో టక్కు, కుడిది కూడా. చల్లటి నీళ్ళు పోస్తే రెండూ ఆగాయి.

"భలే!" అంది మోసా. మొలాపో పోయాక ఆ ముఖంలో నవ్వు కనిపించడం అదే మొదలు. ఆ నవ్వు చూడలేక ఎలియాస్ తల తిప్పుకున్నాడు.

"అత్త గుడారంలో ఏడవలేదని నన్ను తిట్టింది తెలుసా మావయ్యా? అందరూ వచ్చి ఏడుస్తుంటే నువ్వు కెటిల్ మోస్తావేంటే అంది. ఏడుపు రావట్లేదు, ఏం చెయ్యను? శనివారం స్టీరింగ్ పట్టుకుంటే వస్తుందేమో." తండ్రి కోటు జేబులో చెయ్యిపెట్టి పాత వార్తాపత్రిక ముక్క తీసింది. "నాన్న ఇలా చూసేవాడు."

ఎలియాస్ వద్దనేలోపే బండి ముందుకి వెళ్ళి కూర్చుంది. డాష్‌బోర్డు మీది ఫ్యాన్ల మీట నొక్కమంది. నొక్కక ఏం చేస్తాడు? రెండు ఫ్యాన్లూ గుయ్యిమన్నాయి. మోసా కాగితాన్ని రేడియేటర్‌కి ఎడమవైపు ఆనించింది. జాలీకి టక్కున అతుక్కుంది. కుడివైపుకి జరిపింది. కాగితం వణికి, ఎగిరి, ఆమె ఒళ్ళో పడింది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎగిరింది.

ఎలియాస్ బండి దిగలేదు. లోపల కూర్చునే అద్దంలోంచి చూస్తున్నాడు. మోసా వంగి కుడి ఫ్యాన్ వైర్లని చాలాసేపు చూసింది. ఎరుపు ఎక్కడికి పోయింది, నలుపు ఎక్కడికి పోయింది, వేలితో తడుముకుంటూ వెళ్ళింది. తరవాత లేచి మెల్లిగా అతని దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, కళ్ళు మసకేస్తున్నాయా మీకు? నాన్న పోయినప్పటినుంచీ మీరూ నిద్రపోవట్లేదేమో."

"అవునమ్మా." నీళ్ళు నమిలాడు. "అవును. పొరపాటు."

"పర్లేదు. నేను మారుస్తాను. శ్రావణం ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె గొట్టం కోసి, వైర్లు విప్పి, చివర్లు కత్తిరించి కొత్తవి నొక్కింది. లాగి చూసింది. మళ్ళీ కాగితం పెడితే రెండువైపులా అతుక్కుంది. ఈ సంగతి గుడారంలో ఎవరితోనూ అనలేదు. పేటలో ఎలియాస్ చెయ్యి తప్పిందన్న మాట పుట్టకూడదని కాబోలు అనుకున్నాడు అతను. ఆ దయ ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడైనా చెప్పు, మీ బాబాయి చేయించాడమ్మా అని ఒక్కమాట చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు. ఆమె కెటిల్ తీసుకుని వెళ్ళిపోయేదాకా నోరు పెగల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆవుని కోశారు. పెరడంతా నెత్తురు, పేడ, మగవాళ్ళ అరుపులు. కార్జం ఎవరికి, తల ఎవరికి అని అప్పుడే పేచీలు. గుడారంలో పెద్దలు కూర్చున్నారు, మధ్యలో మమెల్లో. తెఫో లేచాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"పిల్లని ఆపడానికి నేనెవర్ని? అన్నయ్యకి ముద్దుల కూతురు. తిప్పనివ్వండి. కాని ఒక్కటే మాట. అన్నయ్యకి ఇష్టమైతే బండి చివరిదాకా నిలబడుతుంది. ఇష్టం లేకపోతే మధ్యలోనే ఆగుతుంది. ఆగిందా, తుమెలో తీసుకుంటాడు. ఆగలేదా, నా చేతులతో నేనే తాళం దాని చేతిలో పెడతాను. అందరి ముందూ చెబుతున్నాను. అన్నయ్యే తేలుస్తాడు."

"అలాగే కానీ" అంది మమెల్లో. "మాట అన్నావు, గుర్తుపెట్టుకో."

పెద్దలు తలలూపారు. ఎంత మంచి తమ్ముడు అని ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుంది. గుడారం చివర నిలబడ్డ ఎలియాస్‌కి నవ్వొచ్చింది. వెధవ, తన గోతిలో తనే దిగుతున్నాడు! ఫ్యాన్లు రెండూ సరిగ్గా తిరుగుతున్నాయని వాడికి తెలియదు. ఇప్పుడు తను నోరుమూసుకుని ఉంటే చాలు, రేపు వాడి ముఖం చూడాలి. షెడ్డు సంగతంటావా, నేను నువ్వు చెప్పినట్టే చేశాను, ఎలా బాగుపడిందో నాకేం తెలుసని బుకాయించొచ్చు. రెండువైపులా మంచివాణ్ణే. ఎంత తెలివి!

ఆ ఆలోచన పూర్తవకుండానే అతనికి తనమీద తనకి అసహ్యం వేసింది. పిరికితనానికి తెలివని పేరు పెట్టుకుంటున్నాడు. తెఫో పళ్ళెం నాకితే తను ఆ పళ్ళెం కింద పడ్డ మెతుకులు ఏరుకుంటున్నాడు. తల ఎత్తేసరికి గుడారం అవతలినుంచి మోసా చూస్తోంది, చేతిలో కప్పుల పళ్ళెంతో. ఎలియాస్ చూపు దించేసుకున్నాడు.

శనివారం పొద్దున్నే మట్టి కార్యం అయింది. పాటలు పాడారు, పారలు చేతులు మారాయి, గుంట నిండింది. తరవాత జనమంతా పక్క మైదానంలోకి తోసుకొచ్చారు. పిల్లల్ని వెనక్కి లాగి గొలుసులా చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. మోసా బండెక్కింది. తాళం తిప్పేముందు అద్దం దించి గుంపులో ఎలియాస్‌ని వెతికి చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాడు. అడగలేదు.

ఇంజను గొంతెత్తింది. రోజుల తరబడి మూగగా ఉన్న బండి ఒక్కసారి అరిచేసరికి ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. బండి వెనకభాగం జారి తిరగడం మొదలైంది. దుమ్ము, టైర్ల పొగ, కాలిన రబ్బరు కంపు. మోసా తలుపు తెరిచి, ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఉంచి, రెండోచెయ్యి నేలకి ఆనేంత వంగింది. కుర్రాళ్ళు వెర్రెత్తిపోయారు. బండి ఇటు తిరిగి, ఒక్క విసురున అటు తిరిగింది. ఎలియాస్ చెవి మాత్రం ఫ్యాన్ల మీదే ఉంది. రెండూ కలిసి పాడుతున్నాయి. తెఫో పక్కకొచ్చి నిలబడ్డాడు. చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. కాసేపయ్యాక ఆ నవ్వు సన్నబడింది. ఇంకాసేపటికి ఎలియాస్ మోచెయ్యి గిల్లాడు.

"ఇంకా ఆగదేంటి?"

ఎలియాస్ మోచెయ్యి విడిపించుకున్నాడు.

బండి దానంతటది ఆగలేదు. మోసాయే ఆపింది, తండ్రి సమాధి వైపు ముక్కు పెట్టి. దిగింది. మసిపట్టిన చెంపల మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. ఏడుపొచ్చింది మొత్తానికి. మమెల్లో నాలుక ఆడిస్తూ కేకపెట్టి పరిగెత్తుకొచ్చి ఆమెని కావలించుకుంది. తరవాత తెఫో వైపు తిరిగింది. "ఏం తమ్ముడూ? మీ అన్న తేల్చాడుగా. ఇవ్వు తాళం."

అందరూ చూస్తున్నారు. తెఫో వెళ్ళి బండిలోంచి తాళం తీసి, మింగలేక కక్కలేక, మోసా చేతిలో పెట్టాడు. చప్పట్లు మారుమోగాయి.

"ఆగండి" అంది మోసా. గొంతు బొంగురుపోయింది. "ఇంతసేపు తిప్పినా వేడి చూపే ముల్లు సగం దాటలేదు. ఈ ఫ్యాన్ల వైర్లు ఎవరు లాగారో అందరికీ తెలుసు. ఎలియాస్ మావయ్యా, ముందుకి రండి."

కుర్రాళ్ళు అతన్ని దాదాపు ఎత్తుకుని తెచ్చారు. ఎవరో వీపు చరిచారు. ఎవరో టోపీ ఎగరేశారు.

"నాది కాదు" అన్నాడు ఎలియాస్. "ఈ పని నాది కాదు. పిల్లదే."

జనం గొల్లున నవ్వారు. "చూడండ్రా, ఎంత అణకువో ముసలాయనకి!" అని ఒకడు అరిచాడు. "అందుకే పెద్దవాళ్ళంటారు!" మళ్ళీ చప్పట్లు. మోసా మాత్రం నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.

తెఫో తిట్టినా పడేవాడు. షెడ్డు పోయినా పడేవాడు. ఈ అణకువ అన్న మాట మాత్రం గొంతు దిగలేదు.

"నోరుముయ్యండి! అణకువా లేదు, గాడిదగుడ్డూ లేదు. కుడి ఫ్యాన్ వెనక్కి తిరిగేలా నేనే వైర్లు తిప్పాను. బండి మధ్యలో ఆగాలని తిప్పాను. తెఫో చెప్పాడు. షెడ్డు ఖాళీ చేయిస్తానన్నాడు. నేను చేశాను. పిల్ల చూసి సరిచేసింది. నిన్న గుడారంలో వీడు అన్నయ్యే తేలుస్తాడన్నప్పుడు కూడా నేను నోరు మెదపలేదు."

ఇంజను చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది.

"పొద్దున్నే తాగొచ్చాడు వీడు" అన్నాడు తెఫో. ఎవరూ అతని వైపు చూడలేదు. మమెల్లో నేల మీద ఉమ్మి, శాలువా గట్టిగా చుట్టుకుని, తమ్ముడికి వీపు చూపించి నిలబడింది.

"నాకు తెలుసు మావయ్యా" అంది మోసా.

"తెలుసా?"

"ఎరుపూ నలుపూ మారిపోయే చెయ్యి కాదు మీది. నాకు ఆ పని నేర్పిందే మీరు. అంత నీటుగా గొట్టం తొడిగి ఎవరైనా పొరపాటు చేస్తారా? ఆ రోజే తెలుసు."

"మరి... అప్పుడే అడగలేదేమమ్మా?"

"మీరు చెప్తారని చూశాను. కళ్ళు మసకేస్తున్నాయా అని అడిగింది అందుకే. నిన్న గుడారంలోనూ చూశాను. ఇందాక తాళం తిప్పేముందు కూడా మీ ముఖమే చూశాను."

ఆమె గొంతులో కోపం కూడా లేదు. ఉంటే ఎలియాస్‌కి కాస్త తేలికగా ఉండేదేమో.

మోసా బండి వెనక్కి వెళ్ళి డిక్కీ తెరిచి పట్టుకుంది.

"మీ పనిముట్లు ఇందులోనే ఉండిపోయాయి మావయ్యా. తీసుకోండి."

కుర్రాళ్ళు దారి వదిలారు. ఎలియాస్ వెళ్ళి సంచీ తీసుకున్నాడు. ఆమె డిక్కీ మూసింది.